తాడు కొయ్యని కాళ్ళు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కజఖ్ దేశంలో మా కజాలి ఊరు మంచిదే, నా నోరే మంచిది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు రైలు పెట్టెలో అటెండెంటుగా పనిచేశాను. టీ గ్లాసులు అందించడం, దుప్పట్లు లెక్కచూసుకోవడం, తాగి వచ్చినవాళ్ళని మెట్ల దగ్గరే ఆపెయ్యడం, అన్నీ ఈ నోటితోనే నెట్టుకొచ్చాను. ఈ నోటితోనే ఒక మనిషికి ఒక పేరు అంటించాను. ఆ మనిషి గురించే ఇప్పుడు చెప్తున్నాను. మా వీధి చివర ఒంటె ఉన్నితో బొంతలు కుడుతుంది. పేరు ఉల్బొసిన్.

ఉల్బొసిన్ అంటే 'కొడుకు పుట్టాలి' అని అర్థం. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే మావాళ్ళు పెట్టే పేరు. నలుగురు అక్కల తరవాత పుట్టింది కాబట్టి ఈవిడకి తప్పలేదు. ఆ పేరు పెట్టిన రెండేళ్ళకి నిజంగానే కొడుకు పుట్టాడు. ఇంట్లో అందరూ పిల్లాడి చుట్టూ చేరారు. పేరు పనిచేసింది, పేరు మోసిన పిల్లని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఇరవై ఎనిమిదో ఏట ఆవిడకి సొంత వ్యాపారం మీద మనసు పడింది. మొదట దోసకాయలు. మా నేల వేసవిలో ఉప్పు పూసి తెల్లగా మెరుస్తుంటుంది. ఆ నేల మీద ఇనప గొట్టాలు పాతి, ప్లాస్టిక్ కప్పు వేసి, లోపల దోసపాదులు పెట్టింది. ఏప్రిల్‌లో ఎండిపోయిన సముద్రం వైపు నుంచి గాలి లేచింది. కప్పు కప్పంతా ఎగిరి వచ్చి మా మేకల కొట్టం మీద పడింది. ఆ పొద్దంతా మేకలు అరుస్తూనే ఉన్నాయి. వీధి వీధంతా టీ గ్లాసులు పట్టుకుని చూడ్డానికి వచ్చింది.

తరవాత అల్మాటీ వెళ్ళి, వ్యాపారంలో గెలవడం ఎలాగో నేర్పే శిక్షణలో మూడు రోజులు కూర్చుని వచ్చింది. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి 'నేను ఆడసింహాన్ని' అని ఏడుసార్లు అనాలని అక్కడ చెప్పారట. పాత పేరు అదృష్టాన్ని ఆపుతుందని కూడా చెప్పారట. అంతే, ఉల్బొసిన్ కాస్తా విక్టోరియా అయిపోయింది. స్టేషన్ ఎదురుగా 'విక్టోరియా కాఫీ' అని బోర్డు పెట్టింది. ఇసకలో మడమలు దిగబడే చెప్పులేసుకుని, కజఖ్ తప్ప ఇంకో భాష రాని ముసలమ్మలతో రష్యన్‌లో మాట్లాడేది. జనం వచ్చేవారు. మెత్తటి కుర్చీల్లో కూర్చునేవారు, గోడ అద్దంలో మొహం చూసుకునేవారు, ఆ తరవాత ఒంటెపాల టీ అడిగేవారు. టీ లేదనేది. అయిదు నెలలకి తలుపు మూసింది.

మూడోది షుబాత్. ఒంటెపాలని పులియబెట్టి చేసే ఈ పానీయాన్ని మా వైపు చంటిపిల్లలు కూడా తాగుతారు. పట్నంలో దానికి గిరాకీ ఉంది. అక్టోబరులో ఒకరోజు నలభై సీసాలు నింపి, వాసన రాకుండా మూతలు బిగించి, వాటి మీద మైనం కూడా పోసి, కిజిలోర్దా వెళ్ళడానికి నా పెట్టెలోనే ఎక్కింది. అది చలి మొదలైన వారం. పొయ్యి రాజేసి పెట్టెంతా వెచ్చబెట్టాను. జోసాలి స్టేషన్ దాటామో లేదో, టప్పుమని ఒక శబ్దం. ఎవడో తుపాకీ పేల్చాడనుకున్నాను. తరవాత ఇంకొకటి, ఇంకొకటి. పులిసిన పాలకి ఊపిరాడాలని మా ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్తారు. ఆవిడకీ తెలుసు. పట్నం వాళ్ళకి శుభ్రంగా కనపడాలన్న ఆరాటంలో తెలిసిందే మర్చిపోయింది. కొక్కేలకి వేలాడుతున్న కోట్లు, పరుపులు, పన్నెండు మంది మనుషులు, అంతా తెల్లగా తడిసిపోయాం. నా నీలం యూనిఫాం కోటు మెడ నుంచి అంచు దాకా నానిపోయింది.

ఆవిడ నేల మీద కూర్చుని గాజు ముక్కలు ఏరుతుంటే, పెట్టె పెట్టెంతా వినేలా ఒక మాట అన్నాను. దానికి ముందు మా ఆచారం కొంచెం తెలియాలి. పిల్ల మొదటి అడుగులు వేసే రోజుల్లో కాళ్ళకి నలుపు తెలుపు నూలు పేనిన తాడు కట్టి, ఒకరి చేత కోయిస్తాం. కోసినవాళ్ళ నడక పిల్లకి అంటుకుంటుందని నమ్మకం. అందుకని పట్టిందల్లా బంగారమయ్యే మనుషుల్ని వెతికి వెతికి పిలుస్తాం.

నేనన్నది ఇదీ: "నీకు చిన్నప్పుడు తాడు కొయ్యలేదు పిల్లా. అందుకే అడుగేస్తే చాలు పడతావు. పడితే పడ్డావు, ఇంకొకళ్ళ మీద పడకు."

అందరూ నవ్వారు. రైలు తిరిగి కజాలి చేరేసరికి ఆ మాట మాకంటే ముందే దిగింది. అప్పట్నుంచి ఊళ్ళో ఆవిడ పేరు 'తాడు కొయ్యనిది'.

ఇంకొకరైతే ఊరు విడిచి పోయేవారు. ఉల్బొసిన్ ఏం చేసిందంటే, మర్నాటి నుంచి ఆ పెట్టెలో ఎక్కినవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ బయల్దేరింది. దగ్గర పల్లెల వాళ్ళ దగ్గరికి నడిచి, దూరం వాళ్ళ దగ్గరికి బస్సెక్కి వెళ్ళింది. తలుపు కొట్టి, పాలు పోసింది నేనే, బట్టలివ్వండి ఉతికి తెస్తాను, అనేది. కొందరు తిట్టి ఇచ్చారు, కొందరు టీ పోసి ఇచ్చారు. పదకొండు మంది ఇచ్చారు. నేనొక్కదాన్నే తలుపు వేసేశాను. ఆ కోటుని అలాగే చుట్టి ట్రంకు పెట్టె అడుక్కి తోసేశాను.

ఆ పదకొండు మందిలో ఒక ముసలాయన తన ఒంటె ఉన్ని అంగీ ఇచ్చాడు. నలభై ఏళ్ళ నాటిది, ఉన్నంతా ఉండలు కట్టి ఉంది. ఈవిడ కుట్టు విప్పి, ఉన్ని తీసి, గోరువెచ్చని నీళ్ళలో రుద్దకుండా ముంచి తీసి, నీడన ఆరబెట్టి, మళ్ళీ పరిచి కుట్టింది. ముసలాయన తొడుక్కుని, పెళ్ళినాటి వెచ్చదనం వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడట. బొంతల పని అలా మొదలైంది. మొదటి మూటని తొందరపడి వేడినీళ్ళలో వేస్తే చెప్పు అట్టలా బిగుసుకుపోయిందని కూడా విన్నాను. ఇవాళ ఆవిడ దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. పెళ్ళికూతురికి ఇచ్చే బొంత ఉల్బొసిన్ చేతిది కాకపోతే వియ్యపురాళ్ళు మూతి ముడుస్తారు. అయినా విందుకొస్తే ఆవిడ టీ నీళ్ళు కాగే సమోవార్ దగ్గర కూర్చుని టీ పోస్తుంది. పిల్లల తాడు కోసే చోటికి మాత్రం రాదు, ఎవరూ పిలవరు కూడా. పన్నెండేళ్ళు ఇలాగే గడిచాయి.

మొన్న వసంతంలో నా మనవరాలు సమల్ గోడ వదిలి రెండడుగులు వేసింది. తాడు కోయడానికి రౌషాన్‌ని పిలుద్దామనుకున్నాను. ఆవిడకి ఊళ్ళో పెద్ద విందు హాలు ఉంది, తెల్ల జీపు ఉంది, వ్యాపారంలో ఓటమి అన్నది ఎరగదు. నా కోడలు తొల్గనై పెద్ద ఆడవాళ్ళందర్నీ మా పద్ధతిలో 'అపా' అంటుంది, నా మాటకి ఎప్పుడూ ఎదురు చెప్పదు. ఆ రోజు నూనెలో వేయించే బౌర్సాక్ ఉండలకి పిండి కలుపుతున్న చెయ్యి ఆపింది.

"ఉల్బొసిన్ అపా చేత కోయిద్దాం, అపా."

మతి పోయిందా అన్నాను. మూడుసార్లు బోర్లా పడ్డ మనిషిని పిలిచి, పిల్లకి పడటం నేర్పిస్తావా అన్నాను.

"పడనివాళ్ళని చాలామందిని చూశాను. పడ్డాక పన్నెండు తలుపులు కొట్టినావిడని ఒక్కర్నే చూశాను," అంది తొల్గనై. "ఆ రైల్లో నేనున్నాను. నాకప్పుడు పదమూడేళ్ళు. నా కొత్త స్కూలు కోటు ఉతికి, ఊడిన గుండీ కూడా కుట్టి తెచ్చింది."

రెండేళ్ళ నుంచి ఒక కప్పు కింద ఉంటున్నాం. ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

అయినా ఊరుకుంటానా. తగుదునమ్మా అని నేనే బయల్దేరాను. ఉల్బొసిన్ చేత రానని చెప్పించుకుంటే గొడవ వదులుతుందని నా ఎత్తు. ఆవిడ వాకిట్లోకి నేనెప్పుడూ అడుగు పెట్టలేదు. గేటు తోసి అక్కడే నిలబడిపోయాను.

బొంతలు ఆరేసిన ఇనప కమ్ములు ఎక్కడివో వెంటనే గుర్తుపట్టాను. దోసపాదుల గొట్టాలవి. ఉన్ని నానబెట్టిన తొట్టి మీద మూతగా 'విక్టోరియా కాఫీ' బోర్డు పడి ఉంది, అక్షరాలు ఇంకా బంగారు రంగులోనే ఉన్నాయి. మెత్తటి కుర్చీల్లో కూర్చుని ఆడవాళ్ళు ఉన్ని విడదీస్తున్నారు. గోడవార ఆ రోజు పగలకుండా మిగిలిన సీసాల వరస ఉంది, వాటి నిండా వాసన రాకుండా బొంతల మధ్య పెట్టే ఎండు ఆకులు. ఊరు ఊరంతా నవ్విన సామానంతా అక్కడ కొలువు తీరి పని చేస్తోంది. నేనైతే వీటన్నిటినీ ఎప్పుడో రైలు కిటికీలోంచి విసిరేసేదాన్ని.

"ఇవి ఒక్కటీ పారెయ్యలేదేం?" అని అడిగాను. అడగడానికి వచ్చింది అది కాదు.

మోచేతుల దాకా తడిగా ఉన్న చేతుల్ని గౌనుకి తుడుచుకుంది. "ఎక్కడ పారెయ్యను అపా? నావే కదా."

టీ పోసింది. ఎందుకొచ్చానో తెలుసని, తొల్గనైకి అప్పుడే రానని చెప్పేశానని, భయపడక్కర్లేదని అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండు, నాకు తేలికగా ఉండేది.

"సిగ్గుపడి రానని కాదు," అంది. "ఒకప్పుడు సిగ్గుపడేదాన్ని. అద్దం ముందు సింహాన్నని అరిచినా పోయేది కాదు. ఇప్పుడు పొద్దున్నే అద్దంలో ఉల్బొసిన్ కనిపిస్తే, వచ్చావా, పని మొదలెడదాం పద, అంటాను. కానీ పిల్ల సంగతి వేరు. తాడు కోస్తే నాలో మంచిదొక్కటే ఏరి ఇవ్వడం నా వల్ల కాదు. నేను మొత్తం వెళ్తాను. గాలికి ఎగిరిన కప్పు, కాఫీ, పగిలిన సీసాలు, అన్నీ. ఇంకొకరి బిడ్డ మీద అంత బరువు ఎలా పెట్టను?"

టీ తాగి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ట్రంకు తెరిచాను. కోటు చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది. మరక పచ్చబడి అట్టకట్టింది, పుల్లటి వాసన ఇంకా వస్తోంది. దాన్ని ఎందుకు పారెయ్యలేదో, ఎందుకు ఉతుక్కోలేదో నాకు తెలుసు. తెలిసి పన్నెండేళ్ళు మూత వేసి పెట్టాను.

మర్నాడు దాన్ని పట్టుకెళ్ళి ఉల్బొసిన్ ఒళ్ళో పెట్టాను.

"ఇదొకటి మిగిలిపోయింది," అన్నాను.

మడత విప్పి, వాసన చూసి, నవ్వేసింది. "ఇన్నేళ్ళు దాచారా?"

"నువ్వు సీసాలు పెట్టింది పొయ్యి గొట్టం పక్కన. నేను చూశాను. అవి పేలతాయని నాకు తెలుసు. తీసి తలుపు దగ్గర చలిలో పెట్టమని ఒక్క మాట చెబితే సరిపోయేది. కాఫీ దొరసాని తిప్పలేవో తనే పడుతుందిలే అనుకుని, ఇంకో రెండు పారలు బొగ్గు ఎగదోశాను. ఆ తరవాత ఆ మాట కూడా అన్నాను. ఊరు పెట్టిన పేరు కాదది, నేను పెట్టింది."

ఆవిడ కోటు మెడ పట్టీని వేళ్ళతో సరిచేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలి కూడా.

"మూతలు బిగించింది మాత్రం నేనే లెండి," అంది.

ఆ మాటకి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. తనది కానిది నెత్తిన వేసుకోలేదు, తనదైనది నా నెత్తికీ రుద్దలేదు. నా అరవై మూడేళ్ళలో ఒక మనిషి అంత తిన్నగా నిలబడటం అదే మొదటిసారి చూశాను.

"ఆదివారం వచ్చి తాడు కొయ్యి," అన్నాను.

"అన్నీ వస్తాయి అపా. ఏరుకోవడం కుదరదు."

"రానీ."

ఆదివారం మా వాకిట్లో తెల్లగుడ్డ పరిచాం. ఉల్బొసిన్ కోటు ఉతికి తెచ్చింది. వాసన పోయింది, మరక పోలేదు. పన్నెండేళ్ళ మరక ఇక పోదు అపా, అంది. నేను దాన్నే తొడుక్కుని కూర్చున్నాను. చుట్టాలు ముసిముసిగా నవ్వుకున్నారు. రైలెప్పుడు కదులుతుందని మా ఆడపడుచు అడిగింది. పిలవకపోతే బాగోదని రౌషాన్‌ని కూడా పిలిచాను, ఆవిడ వచ్చి నా పక్కనే కూర్చుంది.

ఉల్బొసిన్ పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తాడు కింద కత్తి పెట్టి ఒక్కసారి పైకి లాగింది. నలుపూ తెలుపూ రెండు పోగులూ ఒకేసారి తెగాయి. తొల్గనై పాప చెయ్యి వదిలేసింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో అడుగుకి సమల్ బోర్లా పడింది.

శుభానికని మిఠాయిలు చల్లబోతున్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నేను లేవబోయి, ఉల్బొసిన్ వైపు చూశాను. ఆవిడ కదల్లేదు, పాప మీద నుంచి చూపు తిప్పలేదు. నేను మళ్ళీ కూర్చున్నాను.

"చూశావా," అని రౌషాన్ నా చెవిలో గొణిగింది, "అప్పుడే అంటుకుంది."

పాప ఏడవలేదు. రెండు అరచేతులూ గుడ్డకి ఆనించి, పిర్ర పైకెత్తి, ఎవరి వైపూ చూడకుండా లేచి నిలబడింది. నిలబడి ముందుకు నడిచింది.

"ఔను," అన్నాను అందరికీ వినపడేలా, "అంటుకుంది."