చెప్తే గానీ కదలనివాళ్ళు

ఆటోనగర్‌లో నా బోల్టుల కొట్టుకి ఎదురుగానే షబ్బీర్ గారి లారీ బాడీల షెడ్డు. అక్కడ ఆయన చెప్పకుండా మేకు దిగదు. చెక్క కోసినవాడు, ఆయన వచ్చి "రెండోది కొయ్యి" అనేదాకా రంపం పట్టుకుని నిలబడతాడు. ఇంత ఓపిగ్గా ఖాళీగా నిలబడే పనివాళ్ళని బెజవాడలో మరెక్కడా చూడలేదు. షబ్బీర్ గారు మాత్రం ఎంతో కష్టపడిపోతున్నట్టు, "నేను లేకపోతే షెడ్డు మూతేనండీ" అని రోజుకోసారి నాతో అనేవారు.

ఆ మాట పుణ్యమా అని హజ్ యాత్ర మూడేళ్ళు వాయిదా పడింది. ఆయన భార్య నసీమా గారు మూడుసార్లు ఆశపడి మూడుసార్లు ఊరుకున్నారు.

2005లో ఆయన మేనల్లుడు తౌసిఫ్ షెడ్డు మీది గదిలో కంప్యూటరు పెట్టుకుని ఒక ఆట తయారుచేస్తున్నాడు. తెర మీద నలభైమంది బుల్లి కూలీలు. వాళ్ళ చేత చెట్లు కొట్టించి, రాళ్ళు మోయించి కోట కట్టించాలి. ఈలోగా శత్రువులు మీద పడతారు. ఒక చెట్టు కొట్టగానే కూలీ గొడ్డలి దించి, ఆడేవాడు మౌసుతో మళ్ళీ పని చూపించేదాకా నిలబడిపోతాడు. అది చూడగానే షబ్బీర్ గారి మొహం వెలిగిపోయింది.

"పనోడంటే ఇట్టా ఉండాల్రా!"

రోజూ సాయంత్రం ఆయనే ఆడి చూసేవారు. ముప్ఫయ్యో కూలీకి చెట్టు చూపించేసరికి మొదటివాడు ఖాళీ. వాడి సంగతి చూసేలోగా శత్రువులొచ్చి కోట తగలబెట్టేవారు. వారం రోజులూ అదే వరస.

"మామూ, ఒక చెట్టు అయిపోతే పక్క చెట్టుకి వాళ్ళే పొయ్యేట్టు రాస్తాను. మీరు యుద్ధం చూసుకోవచ్చు" అన్నాడు తౌసిఫ్.

"వాళ్ళే పోతే ఇంక ఆడేవాడెందుకురా?"

టీ తెచ్చిన నసీమా గారు తెర వంక చూశారు. "అక్కడ తగలడేది కోట. ఇక్కడ నా హజ్" అన్నారు. ఆ ఏడే దరఖాస్తు పెట్టి, డిసెంబరులో ఇద్దరూ విమానం ఎక్కారు.

వెళ్ళేముందు పెద్ద మేస్త్రి రత్తయ్యకి పదిసార్లు చెప్పారు, ప్రతిదీ ఫోన్ చేసి అడగమని. నలభై రోజుల్లో ఫోన్ ఒక్కసారీ మోగలేదు.

తిరిగొచ్చేసరికి మూడు లారీలు తయారై వెళ్ళిపోయాయి, నాలుగోది రంగుకి సిద్ధంగా ఉంది. ఆయన సంచీ అయినా దించకుండా సుత్తి అందుకుని ప్రతి పలకా కొట్టి చూశారు. ఒక్క తప్పు దొరికితే బాగుండునని నాకే అనిపించింది. దొరకలేదు.

"నన్నడక్కుండా ఎట్టా చేశారయ్యా?"

రత్తయ్య తల గోక్కున్నాడు. "మీరేం చెప్తారో మాకెప్పుడో తెలుసండీ. మీరుంటే ఆగుతాం. చెప్పకముందే చేసేస్తే మీ మనసుకి బాగోదని."

ఇన్నేళ్ళూ ఆయన్ని చూసి నవ్వుకున్న నాకు ఆ పూట నిజంగా జాలేసింది. ఆయనకి తోడుగా షెడ్డు మీది గదికి వెళ్ళాను. తౌసిఫ్ ఆట మార్చేశాడు. కూలీలు వాళ్ళంతట వాళ్ళే చెట్టు నించి చెట్టుకి పోతున్నారు. షబ్బీర్ గారు సైన్యాన్ని నడిపించి మొదటిసారి గెలిచారు. గెలిచి, మౌసు వదిలేసి కూర్చున్నారు.

"ఒక్కణ్ణయినా నన్నడిగేట్టు ఉంచరా."

"ఒక్కడాగితే వాడి కోసం అందరూ ఆగాలి మామూ."

అంతలో కింద నించి రత్తయ్య కేక. "షబ్బీర్ గారూ! ముందు భాగానికి ఏ రంగెయ్యమంటారండీ?"

ఆయన రెండేసి మెట్లు చొప్పున దిగారు. లారీ చుట్టూ తిరిగి, వెనక్కి జరిగి, తల పక్కకి వంచి చాలాసేపు ఆలోచించారు.

"ఎరుపు" అన్నారు.

"అట్టాగేనండీ" అంటూ రత్తయ్య చేతిలో కుంచె వీపు వెనక్కి దాచుకున్నాడు. అది అప్పటికే ఎర్రగా ఉంది. నేను చూశాను. షబ్బీర్ గారూ చూశారు.