డ్యూర్న్‌స్టైన్ రేవులో ఒక హాజరు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, సెప్టెంబర్ మొదటి వారంలో, డాన్యూబ్ నది మీద ఎనిమిది రోజుల టూరు నాకు అప్పగించారు. అప్పుడు ఐసెలిన్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో టూర్ మేనేజర్‌ని. విదేశంలో స్థిరపడ్డ పిల్లల దగ్గరికొచ్చి పార్సిప్పనీ అపార్ట్‌మెంట్లలో విసిగిపోయిన పెద్దవాళ్లు ఇరవై ఇద్దరు. పస్సావ్‌లో ఓడెక్కి, పాత ఊళ్లలో ఆగుతూ బుడాపెస్ట్ దాకా. గైడు కోటల చరిత్ర చెబుతాడు, మేనేజర్ తలలు లెక్కపెడుతుంది.

ఓడ దిగేటప్పుడు ఎవరి కార్డు వాళ్లు బోర్డు మీంచి తీసుకోవాలి, తిరిగొచ్చి తగిలించాలి. అన్నీ ఉంటే ఓడ కదులుతుంది.

మూడోరోజు డ్యూర్న్‌స్టైన్. నీలం రంగు చర్చి గోపురం, కొండమీద పాడుబడ్డ కోట, కింద ఒకటే వీధి. బోర్డు నిండిందని చూసి సరేనన్నాను. మనుషుల్ని లెక్కపెట్టలేదు. తప్పు నాదే.

భోజనాల దగ్గర సుబ్బారావుగారు, రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒక్కరే కూర్చున్నారు. భార్య సరోజినిగారు పక్కన లేరు. ఆవిడేరండీ అని అడిగాను. వెనకే వస్తోందన్నారు. ఓడ కదిలి ఇరవై నిమిషాలైంది. ఆవిడ కార్డు కూడా ఆయనే తగిలించారట. రైలు టికెట్ దగ్గర్నుంచీ ఆవిడ కాగితాలన్నీ చూసుకునేది ఆయనేనట. ఆవిడ ఫోన్‌కి చేశాను. అది ఆయన జేబులోనే మోగింది.

కెప్టెన్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చేతిలో డబ్బు లేదు, అక్కడి భాష రాదు, పాస్‌పోర్టు ఓడ రిసెప్షన్‌లో ఉంది. కెప్టెన్ నన్ను తర్వాతి ఊరు క్రెమ్స్‌లో దించి, వియన్నాలో కలవమన్నాడు. సుబ్బారావుగారు తానూ వస్తానన్నారు. ఇంకొకరు తప్పిపోతే ఇంకో రిపోర్టు రాయాలి, వద్దన్నాను. ఆవిడ పాస్‌పోర్టు తీసుకుని టాక్సీలో వెనక్కి వెళ్లాను.

ఆవిడ రేవులో బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఓడ వెళ్తుంటే చూశానమ్మా. చెయ్యి ఊపితే మనవాళ్లందరూ తిరిగి ఊపారు," అన్నారు.

క్షమించమన్నాను. ఆవిడ, "నేనెక్కానని ఆయనే చెప్పారా?" అని అడిగారు. కార్డు సంగతి చెప్పాను.

"అయితే తొందరేముంది? నేను ఓడలోనే ఉన్నాగా. ఆ కోట చూసొద్దాం పద. పొద్దున ఆయన, నా మోకాళ్లకి పడదని ఎక్కనివ్వలేదు."

ఓడకి ఫోన్ చేసి, ఆవిడ క్షేమమని చెప్పి, కొండెక్కాం. పైనుంచి నది వంపు తిరగడం ఆవిడ చాలాసేపు చూశారు. నేనూ చూశాను. పద్నాలుగుసార్లు ఆ ఊరొచ్చి అంతవరకూ కోటెక్కలేదు.

సాయంత్రం వియన్నాలో సుబ్బారావుగారు ఓడ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. అన్నం తినలేదట. ఆయన ఏదో అనబోతుంటే సరోజినిగారు చెయ్యి చాచారు. ఆయన ఆవిడ ఫోన్ ఇచ్చేశారు.

రిపోర్టులో 'కారణం' అన్న గడిలో, భర్త హాజరు వేశారు, మేనేజర్ నమ్మింది, అని రాశాను. ఆఫీసు దాన్ని 'సమాచార లోపం' అని మార్చింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను బోర్డు కాక ముఖాలు చూసి లెక్కపెట్టాను. పెళ్లై ఎన్నేళ్లయిందన్నది హాజరుకి సాక్ష్యం కాదు.