అత్తగారు ఎక్కిన పందెం కారు

మొన్నొక ఆదివారం మా అబ్బాయి స్కూటరు వెనక కూర్చుని ఏలూరులో గుడికి వెళుతుంటే, వెనక చక్రం దగ్గర ఏదో కటకటమని చప్పుడైంది. ఆరాధన అయ్యాక తిరుగుదారిలో మెకానిక్ షెడ్డు దగ్గర ఆపాడు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి టీ తెప్పించారు. షాక్ అబ్జార్బరు పోయిందట. మెకానిక్ కొత్తది బిగిస్తూ తలెత్తి అడిగాడు: "మెత్తగా పెట్టమంటారా అండీ, గట్టిగానా? అమ్మగారు ఎక్కేటట్టయితే మెత్తగా ఉంటే సుఖం అండి. మీరు స్పీడుగా పోతానంటే గట్టిగా ఉండాలి." మా అబ్బాయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రెండిటికీ పనికొచ్చేలా మధ్యస్తంగా పెట్టవయ్యా" అన్నాడు. ఆ మాట వినగానే టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. నా అరచేతులు రెండూ వాటంతటవే ఎదురెదురుగా వచ్చి, మధ్యలో ఒక తల ఉన్నంత ఎడంతో ఆగాయి. వాడి తండ్రి కూడా సరిగ్గా ఆ మాటే అన్నారు. అప్పటికి వీడు పుట్టలేదు.

మాకు పెళ్ళయిన కొత్త. పంతొమ్మిది వందల ముప్ఫయిల నడుమ సంగతి. మా ఆయన తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు వారి దగ్గర డ్రైవరు. ఆదివారం గుడిలో పాట ఎత్తి ఇచ్చేది ఆయనే. తక్కిన రోజుల్లో ఆయన ముఖం చూడాలంటే నేను వంగి కారు కిందికి చూడాలి. మిల్లు వారి రెండో కొడుకును అందరూ చిన్నబాబుగారు అనేవారు. ఆ చిన్నబాబుగారు మద్రాసు వెళ్ళి ఒక రెండు సీట్ల కారు తెచ్చుకున్నారు. పైన టాపు లేదు, తలుపులు మోకాలెత్తు, ముందు భాగమంతా ఇంజనే. ఆకుపచ్చ రంగు వేసి ఉండటం వల్ల మిల్లులో కూలీలు దానికి మిడత అని పేరు పెట్టారు. అది లేచి గెంతే తీరు చూస్తే ఆ పేరు సబబుగానే ఉండేది. సీట్ల వెనక సామాను పెట్టుకోవడానికి చిన్న చోటుండేది. నాలాంటి సన్నటి మనిషి ముడుచుకుంటే పట్టే చోటు.

వేసవిలో కొల్లేరు నీళ్ళు నడిమధ్యకు వెళ్ళిపోయేవి. అంచుల్లో ఇసుక కలిసిన ఒండ్రు నేల ఎండి, అలికిన కళ్ళంలా చదునుగా కనుచూపు మేర పరుచుకుని ఉండేది. ఏలూరులో ఉన్న తన స్నేహితుడితో చిన్నబాబుగారికి ఆ నేల మీద ఏటా పందెం. ఎవరి కారు ముందు చుట్టి వస్తుందోనని పరువుకు పోయే పందెం. చేపలవాళ్ళు వలలు పక్కన పెట్టి చూడటానికి వచ్చేవారు. "విశ్వాసులం, మనకు పందేలేమిటండీ?" అని నేనంటే, మా ఆయన నవ్వి, "నేను పందెం కాయడం లేదుగా, తాడు కడుతున్నానంతే" అనేవారు.

ఆ తాడు సంగతి చెప్పాలి. చక్రాల మీద కారు బరువు మోసేవి ఇనుప పట్టీల స్ప్రింగులు. ఒకరోజు అన్నం తింటూ నాలుగు తాటాకు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, రెండు చివరలూ పట్టుకుని వంచి నాకు చూపించారు. "చూడు, ఇవి ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి కాబట్టి మెత్తగా వంగుతున్నాయి. రోడ్డు మీద గుంటలు పడ్డా లోపల కూర్చున్నవాళ్ళకు తెలియదు. కానీ ఇదే మెత్తన కొల్లేటి మీద మలుపు తిరిగేటప్పుడు పనికిరాదు. కారు పడవలా పక్కకు ఒరిగిపోతుంది." తరువాత ఆ ముక్కలకు దారం చుట్టి ఇచ్చారు. వంచబోతే కర్రలా ఉంది. పందేనికి స్ప్రింగులను ఆయన అలా కట్టేవారు. కొల్లేటి చేపలవాళ్ళ దగ్గర తుమ్మచెక్క కషాయంలో ఉడికించిన వలతాడు తెచ్చి, కాలితో తన్నిపెట్టి లాగుతూ, సందు లేకుండా వరసగా చుట్టి, పైన వార్నిష్ పూసేవారు. ఆరాక అది విప్పితే రాదు, కత్తితో కోయాల్సిందే. కోసిన తాడు మళ్ళీ పనికిరాదు. ఆ యేడు కట్టిన కట్టు మరీ అందంగా కుదిరింది. బుట్ట అల్లినట్టుందని మిల్లు మేస్త్రీలు వచ్చి చూసిపోయారు. మా ఆయనకు ప్రార్థనలో కూడా ముఖం మీద చిరునవ్వు ఆగేది కాదు.

మా అత్తగారిది పెదపాడు దగ్గర పల్లె. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషి ఆవిడ. పగలంతా ఊడ్పులకు వెళ్ళి, సాయంత్రాలు సంఘంలోని సువార్తికురాలి దగ్గర పలక పట్టుకుని కూర్చుందట. వేదపుస్తకం తనంతట తాను చదువుకోవాలన్నది ఒక్కటే కోరిక. చదవడం వచ్చి కొన్నాళ్ళు కడుపునిండా చదువుకుంది. అంతలో శుక్లాలు వచ్చిపడ్డాయి. ఒక కన్ను పూర్తిగా పోయాక ఏలూరు మిషను ఆసుపత్రిలో రెండోదానికి ఆపరేషను చేశారు. అప్పట్లో ఆ ఆపరేషనంటే తల కదలకుండా రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి పడుకోబెట్టేవారు. కట్టు మార్చేటప్పుడు దొరసాని డాక్టరమ్మగారు కంటి ముందు అద్దం పెట్టి వేళ్ళు చూపిస్తే, ఆవిడ చక్కగా లెక్కపెట్టింది. అక్కడితో ఆగక, "మీ ఉంగరానికి రాయి లేదేమమ్మా?" అని అడిగింది. డాక్టరమ్మగారు నవ్వి, కంట్లో గాయం మానాక కళ్ళజోడు ఇస్తానని, పుస్తకం చదువుకోవచ్చని చెప్పారు.

ఇంకొన్నాళ్ళు ఉండాల్సింది. కానీ పునరుత్థాన పండుగ దగ్గరపడింది. తెల్లవారుజామున సమాధుల తోటలో జరిగే ఆరాధనకు తాను లేకపోవడమేమిటని అత్తగారు మొండికేసింది. చివరికి డాక్టరమ్మగారు మా ఆయన్ని పిలిచి చెప్పారు: "ఎడ్లబండి వద్దు. కుదుపు వద్దు. తల కదలకూడదు. నీళ్ళ కుండ తీసుకువెళ్ళినట్టు తీసుకువెళ్ళాలి." కాలువలు కట్టేసిన రోజులు, పడవలు లేవు. "కారులో తీసుకువెళతానండి" అన్నారు మా ఆయన. ఆవిడ సరేనన్నారు. కారుకు స్ప్రింగులుంటాయి కదా అన్న నమ్మకం.

చిన్నబాబుగారిని కారు అడగడానికి వెళ్ళినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఆయన మంచి మనిషి. "తీసుకెళ్ళవయ్యా, అడగాలా? ఆ తాళ్ళు మాత్రం కోసెయ్. పెద్దావిడ, పైగా కన్ను" అన్నారు. "సోమవారమే పందెం కదండీ" అన్నారు మా ఆయన. "పోతే పోతుంది. మళ్ళీ యేడు కొల్లేరు ఎండదా ఏమిటి?" మా ఆయన నేల చూపులు చూశారు. "అక్కర్లేదండి బాబుగారూ. షాక్ అబ్జార్బర్ల నట్లు వదులు చేస్తానండి, టైర్లలో గాలి తగ్గిస్తానండి, మెల్లగా నడుపుతానండి. రెండిటికీ పనికొచ్చేలా మధ్యస్తంగా పెట్టుకుంటానండి." ఇంటికి వస్తూ "ఏవండీ, ఆయనే కోసెయ్యమన్నారు కదా" అన్నాను. "నీకు తెలియదు ఊరుకో" అన్నారు. ఆ రాత్రి దుప్పటి మడతలు సీటులో పరిచి చూసుకున్నారు. తాళ్ళ వైపు మాత్రం కత్తి తీయలేదు.

శనివారం పొద్దున అత్తగారిని ఇద్దరు ఆయాలు పట్టుకుని తెచ్చారు. కళ్ళకు కట్టు ఉంది. చేత్తో కారంతా తడిమి, "దీనికి తలుపేదిరా అబ్బాయ్? పెట్టెలో కూర్చోబెడుతున్నావా?" అంది. సీటులో వెనక్కి వాల్చి కూర్చోబెట్టాం. నేను వెనక సామాన్ల చోట ముడుచుకుని, ఆవిడ తలను రెండు అరచేతుల మధ్యా పట్టుకున్నాను. ఏలూరు దాటేదాకా బాగానే ఉంది. అక్కడి నుంచి కంకర రోడ్డు, తరువాత ఎండిపోయిన కాలువ గట్టు. నడిచే మనిషి కంటే కాస్త వేగం, అంతే. అయినా స్ప్రింగులు ఒక్క పిసరు వంగలేదు. ప్రతి రాయీ చక్రంలోంచి సీటులోకి, సీటులోంచి ఆవిడ మెడలోకి, మెడలోంచి నా అరచేతుల్లోకి వచ్చేది. నట్లు వదులు చేయడం వల్ల ఒక గుంట పడితే కారు ఒకసారి అదిరి ఊరుకోక మళ్ళీ మళ్ళీ ఎగిరేది. మా ఆయన ముఖాన చెమటలు. "అమ్మా, బాగుందా?" అని అడుగుతూనే ఉన్నారు. "బాగుంది నాయనా, నువ్వు దారి చూడు" అంటూనే ఉంది. ఒక తూము దగ్గర కారు పెద్దగా ఎగిరిపడింది. నా చేతుల్లో ఆవిడ తల బిగుసుకుపోయింది. అరవలేదు. కొంతదూరం పోయాక పెదవులు కదలడం తెలిసింది, ఏదో కీర్తన. ఆపమని నేనూ అనలేదు.

మర్నాడు చీకటితోనే ఆరాధనకు మంచం మీద మోసుకెళ్ళారు. ప్రభువు లేచాడని పాస్టరు అయ్యగారు ప్రకటించినప్పుడు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆవిడే. పండుగ భోజనాలన్నీ అయ్యాక, సాయంత్రం నన్ను దగ్గరకు పిలిచి మెల్లగా చెప్పింది: "అమ్మాయ్, కన్ను శనివారం నుంచీ పోటు పెడుతోందే. పండుగ పూట వాడికి చెప్పలేకపోయాను." కట్టు కింద దూది ఎర్రగా ఉంది.

సోమవారం పొద్దున్నే చప్పుడు విని బయటికి వచ్చాను. మా ఆయన కారు కింద పడుకుని కొడవలితో తాళ్ళు కోస్తున్నారు. అంత అందమైన కట్టు పోగులు పోగులుగా తెగి దుమ్ములో పడింది. ఆ రోజు మిడత ఏలూరు దాకా నిజంగా నీళ్ళ మీద పడవలా వెళ్ళింది. నా అరచేతులకు ఏమీ తెలియలేదు.

డాక్టరమ్మగారు కట్టు విప్పి చూసి, చాలాసేపు వంగే ఉన్నారు. "ఎడ్లబండి ఎక్కించారా?" అన్నారు.

"లేదండి, కారేనండి" అన్నారు మా ఆయన.

"కారులో ఇంత కుదుపు ఎలా వచ్చింది?"

మంచం మీద నుంచి అత్తగారే అందుకుంది. "కారు ఎంత మెత్తగా వచ్చిందో అమ్మా! పూల మీద మోసుకొచ్చినట్టు తెచ్చాడు. రాత్రి నేనే దగ్గాను. ఒకటే దగ్గు." ఆవిడ ఆ రాత్రి దగ్గలేదు. పక్కనే పడుకున్నదాన్ని, నాకు తెలుసు. అబద్ధమాడితే నాలుక మీద పుండు లేస్తుందని సంఘంలో పిల్లలను బెదిరించే మనిషి, డాక్టరు ముందు కళ్ళకు కట్టు లేకుండా ఆడిన అబద్ధం అది. వెలుగు మాత్రం తెలియవచ్చు, అంతకుమించి మాట ఇవ్వలేనని డాక్టరమ్మగారు బయట మాకు చెప్పారు.

ఆ మధ్యాహ్నం కొల్లేట్లో చిన్నబాబుగారు ఓడిపోయారు. మలుపుల్లో కారు పక్కకు ఒరిగిపోయి, ఏలూరు వారి కారు రేపిన దుమ్ములో వెనకబడిపోయిందట. రోడ్డు మీద బిగువుగా, కొల్లేటి మీద మెత్తగా తీసుకువెళ్ళాం. ఆయన మా ఆయన్ని ఒక్క మాట అనలేదు. "మీ అమ్మగారికెలా ఉంది?" అని మాత్రం అడిగారు. తిట్టి ఉంటే బాగుండేదని మా ఆయన ఆ తరువాత చాలాసార్లు అన్నారు. వచ్చిన ఆదివారాల్లో ఒకనాడు అయ్యగారు వేడిగానూ చల్లగానూ కాని నులివెచ్చని విశ్వాసులను గురించి ప్రసంగించారు. పాట ఎత్తాల్సిన వేళకు మా ఆయన పుస్తకం పక్కవారి చేతిలో పెట్టేశారు. మధ్యస్తం అన్న మాట మళ్ళీ ఆయన నోట నేను వినలేదు.

కొన్ని నెలలకు అత్తగారికి లావుపాటి కళ్ళజోడు వచ్చింది. పెట్టుకోగానే "కనపడుతోందిరా" అంది. ఆవిడను మా దగ్గరకు తాడేపల్లిగూడెం తెచ్చుకున్నాం. ప్రతి సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఒళ్ళో పుస్తకం తెరుచుకుని, వేలు జరుపుతూ గట్టిగా చదివేది. మా ఆయన ముఖం కొంచెం తేటపడింది. దేవుడు కరుణించాడని నేనూ స్తోత్రం చెప్పుకున్నాను. ఒకనాడు చదువుతుండగా గాలివాన వచ్చి కిటికీ రెక్క కొట్టుకుంది. దీపం ఆరిపోయింది. గదిలో చిక్కటి చీకటి. అత్తగారి చదువు ఆగలేదు. అదే గొంతు, అదే నిదానం. మొదటి వాక్యం అయింది, రెండోది అయింది. పక్కన మా ఆయన కదలడం లేదు. అగ్గిపెట్టె ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆవిడ అధ్యాయం పూర్తిచేసి ఆమేన్ అన్నాకే ఆయన పుల్ల గీశారు. వెలుగులో ఆయన ముఖం నేను చూడలేదు, తల వంచుకున్నాను. మరుసటి రోజు నుంచి పుస్తకం తెరిచి, తలకిందులు కాకుండా సరిచూసి, ఆవిడ ఒళ్ళో పెట్టే పని ఆయన తీసుకున్నారు.

ఒప్పుకుంటే క్షమాపణ ఉందని నమ్మేవాళ్ళం మేం. కానీ ఆయన్ని ఒప్పుకోనిచ్చేదెవరు? ఎన్నోసార్లు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, ఆ రోజు కారులో..." అని మొదలుపెట్టేవారు. అత్తగారు వెంటనే అందుకునేది. "ఆ రోజు బండి ఎంత మెత్తగా వచ్చిందిరా అబ్బాయ్! అలాంటి బండి మళ్ళీ ఎక్కలేదు." పోయేముందు కూడా అదే మాట. కొడుకు చేతిని తడిమి పట్టుకుని, నవ్వుతూ. ఆయన ఆ మాటను తన చివరిదాకా మోశారు.

"అమ్మా, ఎక్కుతావా?" అన్నాడు మా అబ్బాయి స్కూటరు స్టార్టు చేస్తూ. నేను లేవలేదు. "బాబూ, మెత్తగా పెట్టు" అన్నాను మెకానిక్‌తో. "అయిపోయింది కదమ్మా, మధ్యస్తం చాలులే" అన్నాడు మా అబ్బాయి. "విప్పి పెట్టమను. ఆలస్యమైతే కానీ, కూర్చుంటాను." వాడు నన్ను వింతగా చూసి, బండి ఆపి, స్టాండు వేశాడు. మెకానిక్ మళ్ళీ స్పానరు అందుకున్నాడు. ఒక బిగువు వదిలించడానికి పట్టే ఆ కాస్త సేపు కోసం నేను ఇన్నేళ్ళ తరువాత బల్ల మీద కూర్చుని ఎదురుచూశాను. ఆ శనివారం పొద్దున కూడా మాకు అంత సమయం ఉంది.