నాజిల్‌లో గుచ్చిన స్టవ్వు పిన్ను

అరవై తొమ్మిదిలో వికారాబాద్‌లో మా ఇంటికి పంపు స్టవ్వు వచ్చింది. తెచ్చింది మా మేనమామ. పేలుతుందని ఎవరో చెప్పారట, అమ్మ చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. మామే పొద్దున్నే వచ్చి వెలిగించి పోయేవాడు. మంట పచ్చబడి మసి కక్కడం మొదలైతే చొక్కా జేబులోంచి పిన్ను తీసేవాడు. రేకు ముక్కకు అతికించిన సన్నని తీగ, అంతే అది. దాంతో బర్నర్ మీది సన్నని పొక్కలో పొడిస్తే నీలి మంట బుస్సుమని లేచేది. వాడలో ఎవరి స్టవ్వు మొరాయించినా మామకే కబురు. పిలవకపోయినా పోయి పొడిచి వచ్చే రకం ఆయన. ఎదుటివాడు కష్టపడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం చేతకాదు. అదే ఆయన కొంప ముంచింది.

తర్వాత తాండూరు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మామకు స్టెన్సిల్ పని దొరికింది. అక్షరాలు కత్తిరించిన రేకును సంచి మీద ఆనించి నల్లరంగు బ్రష్షుతో రుద్దాలి. రేకు తీస్తే సిమెంటు తయారైన వారం, సంవత్సరం సంచి మీద కనబడతాయి. మామతో పాటు ఇంకో ఇద్దరు చేసేవాళ్ళు. ఒకాయన బషీరాబాద్ నుంచి బస్సులో వచ్చేవాడు, మాటకు ముందో వెనకో కన్నడం దొర్లేది. ఇంకొకాయన తాండూరు మనిషే, అందరం భాయ్ అనేవాళ్ళం. ముగ్గురి చేతులూ మోచేతుల దాకా నలుపే, ఏ సబ్బుకూ లొంగని నలుపు. నేను ఐటీఐ చదివి వచ్చాక మామ ఎవరెవరినో బతిమాలి అక్కడే ఎలక్ట్రీషియన్‌గా పెట్టించాడు.

ఎనభైల చివర్లో గోనె సంచులు పోయి ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. వాటి వెంట ఇంక్‌జెట్ యంత్రం దిగింది. బెల్టు మీద సంచి కదిలిపోతుంటే, దానికి తగలకుండానే, పక్కనున్న హెడ్డు లోంచి సిరా చుక్కలు చిమ్మి అంకెలు వేస్తుంది. మొదటి రోజు అందరం నోళ్ళు తెరుచుకుని చూశాం. ప్యాకింగ్ ఇన్‌చార్జి స్టెన్సిల్ వాళ్ళను ముగ్గురినీ పిలిచి, ఇది ఆగకుండా నడవడం మొదలైతే మీకు ఇక్కడ పని లేదని చెప్పేశాడు. అందాకా రేకులు దగ్గర పెట్టుకోమన్నాడు. ఆ యంత్రాన్ని ఆగకుండా నడిపే బాధ్యత నా నెత్తిన పెట్టాడు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. అది నడిస్తే మామ కూడు పోతుంది, ఆగితే నా కూడు పోతుంది.

అది నడిస్తే కదా! దాన్ని తయారుచేసిన విదేశాల వాళ్ళు ఏ అద్దాల గదిలో పెట్టి పరీక్షించారో గాని, మా దగ్గర గాలి కంటే సిమెంటు దుమ్మే ఎక్కువ. ఆ సిరా నిమిషంలో ఆరిపోయే రకం. కరెంటు పోతే చాలు, సిరా చిమ్మే ఆ సన్నని నాజిల్ లోపలే ఆరి గడ్డ కడుతుంది. మా కరెంటు సంగతి చెప్పాలా? కడిగే మందు పోసి, తుడిచి, మళ్ళీ నడిపిస్తే ఎనిమిది అంకె సగమే పడేది. ఆగినప్పుడల్లా భాయ్ రేకు పట్టుకుని నవ్వుతూ వచ్చేవాడు, మీ దొరసాని పండుకుందా అని. బషీరాబాద్ ఆయన లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకునేవాడు. వాళ్ళను తప్పు పట్టను. మామ మాత్రం వాళ్ళ మీద కసురుకునేవాడు, మా పోరని కొలువురా అది అని. ఒకరోజు హెడ్డు దగ్గర నిలబడి చాలాసేపు చూసి, గిది మన స్టవ్వే గదరా అన్నాడు. ఒత్తిడి ఉంది, సన్నని పొక్క ఉంది, అది మూసుకుపోతే పని ఆగుతుంది. ఆ పోలిక విని నవ్వుకున్నాం ఇద్దరం.

ఒకసారి లోడింగ్ లారీలు గేటు దాకా నిలిచిపోయాయి. ఇన్‌చార్జి అందరి ముందూ నన్ను కడిగేశాడు. ఇంకొక్కసారి ఆగితే నువ్వు ఇంటికి పో, హైదరాబాద్ నుంచి మనిషిని తెప్పించుకుంటానన్నాడు. మామ అక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. వచ్చేసరికి నాజిల్ లోంచి చుక్క లేదు. కడిగే మందు కోసం స్టోర్స్‌కు పరుగెత్తాను. స్టోర్ కీపర్ అన్నానికి పోయాడు. ఆయన తీరిగ్గా చేతులు తుడుచుకుంటూ వచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో లేదు. డబ్బా పట్టుకుని తిరిగొచ్చేసరికి మామ హెడ్డు మూత తీసి వంగి ఉన్నాడు. చేతిలో స్టవ్వు పిన్ను.

"ఫికర్ చెయ్యకు అల్లుడా. జర గట్టిగ ఉండె, ఒత్తి పొడిచిన. పొక్క సాఫైంది, ఇగ మస్తు నడుస్తది," అన్నాడు. ఆ ముఖంలో సంతోషం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

అది ఇత్తడి బర్నర్ కాదు. కెంపు లాంటి చిన్న రాయిలో తొలిచిన రంధ్రం, ఆ పిన్నులోని తీగ కూడా పట్టనంత సన్నం. యంత్రం వేస్తే సిరా వంకరగా చిమ్మి సంచి మీద, బెల్టు మీద, మామ చొక్కా మీద పడింది. రాయి అంచు చిట్లిపోయింది. ఇన్‌చార్జి వచ్చాడు. యంత్రం నడిస్తే కొలువు పోయే మనిషి, చేతిలో పిన్ను, పాడైన నాజిల్. ఆయనకు ఇంకేం కావాలి?

"సాఫ్ చేసిన సార్," అన్నాడు మామ.

"శుభ్రంగా సాఫ్ చేశావ్," అన్నాడాయన.

నా కొలువు నిలబెట్టాలనే చేశాడు సార్, తన కడుపు తానే కొట్టుకుంటున్నానని తెలిసి చేశాడు సార్ అని నేను మొత్తుకున్నాను. మేనల్లుడివి, నువ్వు చెప్పక ఎవరు చెబుతారు అన్నాడు. పిన్ను లాక్కుని జేబులో వేసుకున్నాడు. సాయంత్రానికి మామను గేటు బయటికి పంపేశారు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

దాని కంటే పెద్ద శిక్ష తర్వాత మొదలైంది. స్టెన్సిల్ వాళ్ళిద్దరూ మామను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. కొత్త నాజిల్ విదేశం నుంచి బొంబాయి మీదుగా రావడానికి నెలలు పట్టింది, అన్నాళ్ళూ వాళ్ళ రేకులకు పని దొరికింది. దారిలో కనబడితే చాలు, మా కోసం దెబ్బ కొట్టినవని మామ భుజం తట్టేవాళ్ళు. మామ ప్రతిసారీ కాదు, సాఫ్ చెయ్యబోయిన అనేవాడు. వాళ్ళు కన్ను గీటేవాళ్ళు. పైవాళ్ళకు ఆయన ద్రోహి, వీళ్ళకు మొనగాడు. ఆయన చేసింది మాత్రం ఎవరికీ అక్కర్లేదు. మామ బండల పాలిష్ పనికి కుదిరాడు. నల్లరంగు పోయి ఒంటి నిండా తెల్లదుమ్ము, దాంతో పాటు దగ్గు.

నాకు మాత్రం కసి పట్టుకుంది. ఇంకెవడూ పిన్ను పట్టుకుని ఆ హెడ్డు దగ్గరికి రావలసిన అవసరం రాకూడదనుకున్నాను. హెడ్డు చుట్టూ రేకు పెట్టె కట్టి, కంప్రెసర్ గాలిని వడగట్టి అందులోకి వదిలాను. లోపలి నుంచి గాలి బయటికే తోస్తుంటే దుమ్ము దూరదు. కడిగే మందు సీసాను ఎత్తులో వేలాడదీసి గొట్టం పెట్టాను. కరెంటు పోయినా కుళాయి తిప్పితే చాలు, మందు దానంతటదే దిగి సిరా ఆరకముందే హెడ్డును కడిగేస్తుంది. సిరాను కూడా పోసే ముందు వడగట్టాను. కొత్త నాజిల్ బిగించాక యంత్రం నిజంగానే ఆగలేదు. ఇన్‌చార్జి నా వీపు తట్టాడు. ఆ నెలలోనే భాయ్‌నీ, బషీరాబాద్ ఆయన్నీ ఇంటికి పంపేశారు.

ఆ రోజు వాళ్ళిద్దరూ తిన్నగా మామ ఇంటికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. అత్త లోపల చాయ్‌కి స్టవ్వుకు పంపు కొడుతోంది. భాయ్ మామ పక్కన కూర్చున్నాడు.

"మమ్ముల తీసేస్తుంటే ఎవ్వరు అడ్డం రాలే. నువ్వొక్కనివే మా కోసం కొట్లాడినవ్ భాయ్," అన్నాడు.

మామ ఎప్పటిలా కాదనబోయాడు. వాళ్ళ ముఖాలు చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత తల వంచుకున్నాడు.

"అవు," అన్నాడు. "తెలిసే పొడిచిన. మీ కోసమే."

భాయ్ ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నా కోసం ఒక మనిషి తన కూడు పణంగా పెట్టాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరమే ఉన్నాం, అందులో ఒకరు ఇప్పుడు కాదనేశారు.

లోపల స్టవ్వు మసి కక్కుతోంది. జర వచ్చి పొడిచిపొమ్మని అత్త మామను పిలిచింది. పిలవకపోయినా పోయే మామ లేవలేదు.

"నాకు గా పని రాదు," అన్నాడు. "నువ్ పో అల్లుడా."

లేచి లోపలికి పోయాను.