నా పేరున ఆడినవాడు

మొన్న టీవీలో కబడ్డీ ఆటగాళ్ళ వేలం చూపిస్తున్నారు. ఒక్కొక్క పేరూ లక్షలు పలుకుతుంటే, పక్కనే కూర్చున్న మా ఆవిడ, "మీరు ఇప్పుడు పుట్టుంటేనా, ఎంత పలికేవారో!" అని మురిసిపోయింది. నేను ఛానల్ మార్చేశాను.

పెళ్ళై ఇన్నేళ్ళయినా ఆవిడకి తెలియదు, నేను జన్మలో ఒక్కసారి కూడా కూతకి వెళ్ళినవాణ్ణి కాను. ఎనభైల్లో తెనాలిలో డిగ్రీ చదివే రోజుల్లో నా పేరున ఆడినవాడు నా హాస్టల్ గదిలో ఉండే రేపల్లె స్నేహితుడు. వాడిది ఆటల కోటా సీటు, కాలేజీకి ఆడినన్నాళ్ళే ఫీజు మాఫీ, మెస్సులో ఉచితంగా అన్నం, బయట జట్లకి ఆడినట్టు తెలిస్తే రెండూ పోతాయి. అందుకని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కాలేజీ ఆటగాళ్ళని డబ్బిచ్చి తెచ్చుకుని, ఊళ్ళో ఎవడో ఒకడి పేరు తగిలించి దింపేవాళ్ళు. ఫొటోలు అడిగే నాథుడే లేడు. మా కొల్లిపర జట్టుకి ఖర్చు పెట్టేది మా నాన్న కాబట్టి, బాపట్లలో జరిగిన జిల్లా పోటీలకి వాణ్ణి నా పేరుతో దింపాడు.

ఫైనల్లో వాడి చివరి కూతతో మేం గెలిచాం. ఆ కూతలోనే నలుగురు మీదపడి వాడి మోకాలు చితికింది. జనం నా పేరు పెట్టి కేకలు వేస్తుంటే, నేను గట్టున కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నాను.

మా నాన్న వాడి జేబులో నాలుగు నోట్లు కుక్కి రేపల్లె బస్సెక్కించాడు. ఆడలేనివాడికి అన్నమెందుకని కాలేజీవాళ్ళు మెస్సు కార్డు లాగేసుకున్నారు. నెల తిరగకుండా వాడు కర్ర ఊతంతో మా ఇంటికొచ్చాడు. డబ్బడగలేదు. ఆ గెలుపు సర్టిఫికెట్టుంటే ఆటల కోటాలో గుమాస్తా ఉద్యోగం వస్తుంది, కూర్చుని చేసే పనికి మోకాలెందుకు, పోటీలు పెట్టినవాళ్ళు మీ నాన్నగారి మాట కాదనరు, చెప్పించి పేరు మార్పించరా అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వరండాలోంచి మా నాన్న, "ఏంట్రా మార్పించేది? కాగితం మీద ఎవడి పేరుంటే వాడే ఆడినట్టు" అన్నాడు. నేను మెల్లగా నా చేతులు విడిపించుకున్నాను. ఛీ, ఎంత సిగ్గుమాలినవాణ్ణి!

ఆ కాగితంతోనే నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన, ఆటలో దెబ్బలేమైనా తగిలాయా బాబూ అని అడిగితే, లేదండి అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

తొంభైల్లో ఆఫీసు పని మీద రేపల్లె వెళ్తే, స్టేషన్ ముందు సైకిల్ స్టాండులో చీటీలు చింపుతూ కనిపించాడు. తిడతాడేమోనని పక్కకి తప్పుకోబోయాను. కుంటుకుంటూ నవ్వుతూ వచ్చి, అన్నం క్యారియర్ తెచ్చిన కూతురితో, "జిల్లా గెలిచిన ఆటగాడమ్మా ఈయన, దణ్ణం పెట్టుకో" అన్నాడు. ఎగతాళిగా అన్నాడో, మనసారా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పిల్ల వంగి నా కాళ్ళకి దణ్ణం పెడితే నేను ఆపలేదు సరికదా, బాగా చదువుకోమ్మా అని దీవించాను కూడా.

ఈ రోజుల్లో ఊరి ఆటకి పేరివ్వాలన్నా ఆధార్ కార్డు, ఫొటో అడుగుతున్నారు, ఒకడి బదులు ఇంకొకడు దిగే వీల్లేదు. పొద్దున్నే నడకకి వచ్చే నా ఈడువాళ్ళు, ఏమైనా మన రోజులే మంచివండీ అని నిట్టూరుస్తుంటారు. నేనూ తలాడిస్తాను. నాకు మంచివే మరి. ఇప్పుడైతే మొదటి రోజే దొరికిపోయేవాణ్ణి.