బండ మీద పొత్తిగుడ్డలు

మొన్న పొద్దున మదనపల్లెలో మా ఎదురింట్లో ఉండే యువకుడు పసిబిడ్డను భుజాన వేసుకుని, మేడ మీద దాని గుడ్డలు ఆరేస్తూ, కింద పోతున్న స్నేహితుణ్ణి తానే కేకేసి పలకరించాడు. చూస్తున్న నాకు ముఖం కాలినట్లయింది.

డెబ్భైల చివర పుంగనూరులో గుమస్తాగా చేరి, అద్దె ఇంట్లో కాపురం పెట్టాను. మా అమ్మాయి పుట్టి అప్పటికి ఏడు నెలలు. మన తరం మగవాళ్ళకు చెప్పాలా, వీధిలో బిడ్డను ఎత్తుకుంటేనే నవ్వే రోజులవి. కాని తలుపు మూశాక నేను వేరే మనిషిని. ఆముదం రాసేవాణ్ణి, చీర ఉయ్యాల ఊపుతూ నోటికొచ్చిన జోల పాడేవాణ్ణి.

ఒక ఆదివారం మా ఆవిడకు కాళ్ళు నిలవనంత జ్వరం. లేవబోతే నేనే పడుకోమని చెప్పి, పెరట్లో బండ దగ్గర కూర్చుని, పొత్తిగుడ్డలు ఉతుకుతున్నాను. కష్టమనిపించలేదు, నిజానికి హాయిగానే ఉంది. అంతలో మా హెడ్ గుమస్తా పక్కసందులోంచి నేరుగా పెరట్లోకి వచ్చేశాడు.

"ఏందప్పా ఇది? ఇంట్లో ఆడోళ్ళు లేరా?" అని నవ్వాడు.

చేతిలోని గుడ్డ విసిరికొట్టి లోపలికి అరిచాను. "ఏమే, ఇంకా పండుకోనే ఉండావా? ఇవన్నీ ఎవురు ఉతకాల?"

గోడ పట్టుకుని, బిడ్డను చంకనెత్తుకుని వచ్చింది. "అరవాకండి, బిడ్డ బెదురుకుంటాది. నేను ఉతుకుతా, మీరు పొండి," అంది నెమ్మదిగా. బిడ్డ నన్ను చూసి చేతులు చాచింది. ఆయన చూస్తున్నాడని నేను తీసుకోలేదు. ఆమె దాన్ని నేల మీద కూర్చోబెట్టి, వణుకుతూనే కొన్ని ఉతికి, తర్వాత మా ఇద్దరికీ కాఫీ తెచ్చింది.

ఆయన వెళ్ళగానే మిగిలిన గుడ్డలు తీసుకోబోయాను. ఇవ్వలేదు. ఆ తర్వాత కుప్పానికి బదిలీ అయ్యాక కొడుకు పుట్టాడు. వాడి పనేదీ నా చేతికి రానివ్వలేదు. కోపంతో కాదు, అసలు అడగడమే మానేసింది.

పోయినేడు ధైర్యం చేసి ఆ సంగతి ఎత్తాను. "అది ఇంకా మతికి పెట్టుకోనుండారా? ఆ కాలంలో మొగోళ్ళందరూ అట్లనే ఉండిరి లెండి," అంది.

కాలం మారింది, మంచికే మారింది. కాని ఆమె దయతో అన్న ఆ మాట వెనక దాక్కోవడానికి నాకు చోటు దొరకడం లేదు. నేను అట్లా ఉండిన మనిషిని కాను. ఆ రోజు హెడ్ గుమస్తా నవ్వేదాకా కాను.