తాండ్ర మడతలో భూకంపం

పోయిన వేసవిలో మా మనవరాలు బ్యాంకు పరీక్షల కోచింగు మానేస్తానంటే పొద్దున్నే కస్సుమన్నాను. ఏలూరు నుంచి రోజూ రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళి ఇంజనీరింగు పూర్తిచేసిన పిల్ల. ఉద్యోగం చూసుకోకుండా భూకంపాల మీద పరిశోధన చేస్తుందట! సీటొచ్చిందట, చేరేదీ లేనిదీ సాయంత్రంలోగా చెప్పాలట. మా అబ్బాయేమో "మామ్మ ఒప్పుకుంటే నాకేం అడ్డులేదు" అని భారం నా నెత్తిన పెట్టి ఆఫీసుకు పోయాడు.

నేను పెరట్లో తాండ్ర కోస్తున్నాను. తాటాకు చాప మీద రోజుకో పొర మామిడిరసం పోసి, ఎండబెట్టి, అంగుళం మందం తేల్చిన తాండ్ర. పోయినేడు మిగిలి చెక్కలా బిగుసుకుపోయిన ముక్కల్ని పారేయడానికి మనసొప్పక, ఈసారి పొరల మధ్య పరిచి పైన రసం పోశాను. నాని కలిసిపోతాయిలే అనుకున్నాను.

"ఎక్కడొస్తాయే నీ భూకంపాలు? కొల్లేరు కిందా?" అన్నాను.

"ఇక్కడ కాదు మామ్మా. జపాన్ లాంటి చోట్ల సముద్రం అడుగున ఉన్న రాతిపలక ఇంకో పలక కిందికి వంగి దిగిపోతూ ఉంటుంది. ఆ పలకలో ఆరు వందల కిలోమీటర్ల లోతున కూడా వస్తాయి."

ఆరు వందలా! ఇక్కడ రైలెక్కితే మద్రాసు కూడా అంత దూరం లేదు.

"అంత లోపల కొలిమిలా ఉంటుందంటారు కదా. వేడికి మెత్తబడ్డది సాగుతుంది గానీ విరుగుతుందా? కొల్లేటి బురదలో కాలేస్తే జారుతుంది, పెళ్ళుమంటుందా? నాకు కబుర్లు చెప్పకు."

"నేను చదవబోయేది అదేనండీ మామ్మగారూ! ఆ తాండ్ర పలక ఇలా ఇవ్వు."

"తిన్నావంటే వీపు చిట్లుతుంది."

"తిననులే, చూడు." రెండు చేతులా పట్టుకుని వంచింది. "వంగినచోట పైభాగం సాగుతోంది, అడుగుభాగం నొక్కుకుంటోంది. కిందికి దిగాక పలక మళ్ళీ తిన్నబడుతుంది. అప్పుడు సాగింది నొక్కుకుంటుంది, నొక్కుకున్నది సాగుతుంది. ఇంకా లోతుకు పోతే గట్టి పొర ఎదురు తన్ని, నిలువునా నలుగుతుంది."

"ఎంత వంచినా నా తాండ్ర విరగదు."

అంటుండగానే లోపల చిటుక్కుమంది. పైన సన్నగీత కూడా లేదు. నమ్మలేక కత్తిపీట మీద కోసి చూశాను. మధ్యలో పోయినేటి ముక్క రెండై ఉంది. ఇంత రసం పోసినా దాని లోపలికి తడే చేరలేదు.

"సముద్రం కింది రాతిపలకా అంతే మామ్మా. చుట్టూ ఎంత వేడున్నా నడుమ ఇంకా చల్లగానే ఉంటుంది. కానీ అంత ఒత్తిడిలో ఎలా విరుగుతుందో ఎవరికీ పూర్తిగా తేలలేదు."

"తేలలేదా? ఇంతమంది చదువుకునీ?"

"లేదు."

మూడో తరగతితో బడి మానేసినదాన్ని. నాకు తెలియనివన్నీ పుస్తకాల్లో ఎవరో రాసిపెట్టే ఉంటారని ఇన్నేళ్ళూ నమ్మాను. ఎవరూ రాయనిది ఇంకా ఉందట, అది వెతకడానికి మా ఇంటి పిల్లే వెళ్తానంటోంది.

చేతులు కడుక్కుని అబ్బాయికి ఫోను చేశాను. "దాన్ని చేరనీ."

"అదేంటమ్మా? పొద్దున కస్సుమన్నావుగా?"

"ఇప్పుడూ కస్సుమంటాను. సాయంత్రం వచ్చాక కోచింగు పుస్తకాలు నలగకుండా అట్టపెట్టెలో సర్దు, ఇంకెవరికైనా పనికొస్తాయి."

నేను ఫోను పెట్టేలోపే పిల్ల చేరుతున్నానని జవాబు పంపేసింది. వెళ్ళేది ఎంత దూరమో అడగడం అప్పుడు గుర్తొచ్చింది నాకు.